నాకు నిజంగా తెలివి లేదా, మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది టెక్కలి దగ్గర ఒక పల్లెటూరు. నాన్న పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తారు. పదో తరగతి వరకు గురుకులంలో చదివాను, మండలం ఫస్టు వచ్చాను. మార్కులు చూసి విశాఖపట్నంలో ఒక కాలేజీవాళ్లు సగం ఫీజుకే ఇంటర్‌లో చేర్చుకున్నారు. జేఈఈలో మంచి ర్యాంకు వచ్చింది, ఐఐటీలో చేరాను. మా ఊరి జంక్షన్‌లో నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు, ఇంకా తీయలేదు. ఫస్ట్ సెమిస్టర్‌లో నాకు పదికి 6.1 వచ్చింది. ప్రోగ్రామింగ్ పోయింది. మ్యాథ్స్ అంటే నాకు ప్రాణం, అందులో కూడా గట్టెక్కానంతే. క్లాసులో సారు ఒక లిమిట్ ప్రూఫ్ చెబుతూ 'డెల్టా అంటే 1, ఎప్సిలాన్ బై 5, ఈ రెండింట్లో చిన్నది' అని బోర్డు మీద రాశారు. ఎక్స్ స్క్వేర్ లెక్క అది. ఆ 5 ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియలేదు. చుట్టూ అందరూ తలలూపారు. నేను ఇక్కడ ఉండాల్సిన మనిషిని కాదని ఆ రోజే అనిపించింది. సంక్రాంతికి ఇంటికొస్తే నాన్న మార్కులడిగారు. 8.5 అని చెప్పేశాను. ఇప్పుడు రెండో సెమిస్టర్ మిడ్ పరీక్షలు కూడా బాగా రాయలేదు. రాత్రి మూడింటి దాకా నిద్ర పట్టదు, పొద్దున క్లాసులకి వెళ్లబుద్ధి కాదు. నాకు నిజంగా తెలివి లేదా? మానేసి వచ్చి మన దగ్గరే ఏదైనా కాలేజీలో చేరితే నయమా? నాన్నకి ఎలా చెప్పాలి? నా పేరు, కాలేజీ పేరు వేయొద్దు మాస్టారూ.

జవాబు: అమ్మా, ముందు ఆ 5 సంగతి తేల్చేద్దాం. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

నువ్వు రాసినదాన్నిబట్టి లెక్క ఇదీ: ఎక్స్ 2కి దగ్గరవుతుంటే ఎక్స్ స్క్వేర్ 4కి దగ్గరవుతుందని నిరూపించాలి. ఎప్సిలాన్ అంటే ఎక్స్ స్క్వేర్‌కీ 4కీ మధ్య మనం ఒప్పుకునే తేడా, డెల్టా అంటే దానికోసం ఎక్స్ 2కి ఎంత దూరంలోపు ఉండాలో ఆ దూరం. ఎక్స్ స్క్వేర్‌లోంచి 4 తీసేస్తే మిగిలేది రెండు ముక్కల లబ్ధం. ఎక్స్ మైనస్ 2 ఒకటి, ఎక్స్ ప్లస్ 2 ఒకటి. మొదటిది మన చేతిలో ఉంది, కావలసినంత చిన్నది చేసుకోవచ్చు. రెండోది పెరిగిపోకుండా చూసుకోవాలి. అందుకని ఎక్స్ ఎప్పుడూ 2కి 1 దూరంలోపే ఉండాలని ముందే షరతు పెట్టుకుంటాం. అప్పుడు ఎక్స్ 1కీ 3కీ మధ్య ఉంటుంది. ఎక్స్ ప్లస్ 2 అయితే 3కీ 5కీ మధ్య ఉంటుంది, 5 దాటదు. ఇదే ఆ 5. ఇక మొదటి ముక్క ఎప్సిలాన్‌లో ఐదో వంతు కంటే తక్కువుంటే, మొత్తం లబ్ధం ఎప్సిలాన్ కంటే తక్కువే. రెండు షరతులూ ఒకేసారి నిలబడాలి కాబట్టి, 1, ఎప్సిలాన్ బై 5, వీటిలో ఏది చిన్నదైతే దాన్ని డెల్టా అన్నారు. 1 బదులు అర తీసుకున్నా తప్పు లేదు, అప్పుడు 5 పోయి నాలుగున్నర వస్తుంది. అదేమీ దేవుడిచ్చిన అంకె కాదు, మీ సారు వీలుకోసం పట్టుకున్నది.

ఇంతే. రెండు నిమిషాల పని. ఈ రెండు నిమిషాల ముక్కని నువ్వు ఇన్ని నెలలు నీకు తెలివి లేదనడానికి సాక్ష్యంగా దాచుకున్నావు. తలలూపినవాళ్లలో కనీసం ఒకరిద్దర్ని పట్టుకుని, 1 బదులు అర పెడితే 5 ఏమవుతుందో అడిగి చూడు. ఎంతమంది తడుముకుంటారో నీకే తెలుస్తుంది. విజయనగరంలో డిగ్రీ పిల్లలకి లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను: క్లాసులో తల ఊపడానికీ అర్థం కావడానికీ సంబంధం లేదు. పక్కవాడు ఊపాడని ఊపుతారు. ఆ పక్కవాడు నిన్ను చూసి ఊపాడేమో ఎవరు చూశారు?

ఇంకో సంగతి కూడా ఉంది. ఇదే లిమిట్ ఇంటర్‌లో ఇస్తే 'విలువ ఎంత' అని అడుగుతారు, నాలుగు ఆప్షన్లు ఇస్తారు. చూడగానే 4 అని పెట్టి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతావు. ఎంత త్వరగా వెళ్తే అంత గొప్ప. ఇప్పుడు '4 అని అందరికీ తెలుసు, ఎందుకో చెప్పు' అంటున్నారు. రెండేళ్లపాటు దేనికి తర్ఫీదు ఇచ్చారో దాన్ని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. ఈ 'ఎందుకు' నీకే కాదు, మీ క్లాసులో చాలామందికి కొత్తే. ఒలింపియాడ్‌లకి తయారైనవాళ్లు నలుగురో ఐదుగురో ఉంటారు, వాళ్లకి ముందే పరిచయం. వాళ్లని చూసి క్లాసంతా అంతే అనుకోకు.

నీ మొదటి ప్రశ్నకి అంకెల్లో జవాబు చెబుతాను, నువ్వు లెక్కల మనిషివి కాబట్టి. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవాళ్లు 1,80,200 మంది. అర్హత సాధించినవాళ్లు 48,248. దేశంలో ఉన్న 23 ఐఐటీల్లో కలిపి సీట్లు 17,740. నువ్వు వెళ్లిన ఏడాది అంకెలు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, కథ మాత్రం ఇదే. వడబోసి వడబోసి అన్ని ఊళ్ల ఫస్టులనీ తెచ్చి ఒక గదిలో కూర్చోబెట్టారు. అరవై మంది ఉంటే ముప్ఫై మంది కింది సగంలో ఉండి తీరాలి. ఆ ముప్ఫై మందీ అంతకుముందు జన్మలో కింది సగం మొహం చూడనివాళ్లే. పైగా ఐఐటీల్లో చాలా కోర్సులకి గ్రేడు వేసేది మిగతావాళ్ల మార్కులతో పోల్చి. కాబట్టి నీ గ్రేడులో నీ చదువు ఎంత ఉందో, నీ పక్క బెంచీ కూడా అంత ఉంది. నీకు ఎంత వచ్చు అన్నది ఆ గ్రేడు ఒక్కటే చెప్పలేదు.

ఇది ఓదార్పుకి అంటున్న మాట కాదు. జేమ్స్ డేవిస్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1966లోనే దీని మీద రాశాడు. కాలేజీ పిల్లలు ఏ వృత్తి మీద ఆశ పెట్టుకోవాలో తేల్చుకోవడంలో తమ కాలేజీ ఎంత గొప్పదన్నదానికంటే, ఆ కాలేజీలో తమకి వచ్చిన గ్రేడుకే ఎక్కువ పాత్ర ఉందని తేల్చాడు. తర్వాత హెర్బర్ట్ మార్ష్ అనే విద్యా మనస్తత్వవేత్త ఇదే విషయాన్ని బడిపిల్లల్లో ఏళ్ల తరబడి చూశాడు. 2003లో 26 దేశాల పిల్లల లెక్కలు తీస్తే తేలిందేమిటంటే, సమానమైన సామర్థ్యం ఉన్న ఇద్దరిలో ఎక్కువ తెలివైనవాళ్లున్న బడిలో పడ్డ పిల్లే తనని తాను తక్కువ అంచనా వేసుకుంటుంది. నువ్వు టెక్కలిలోనే ఏ కాలేజీలోనో చేరి ఉంటే ఈ పాటికి 'నాకు లెక్కలు కొట్టినపిండి' అనుకుంటూ ఉండేదానివి. అదే బుర్ర, అదే నువ్వు.

అయితే ఇక్కడితో ఆపేస్తే నీకు పెద్దగా ఒరిగేదేం లేదు. ప్రోగ్రామింగ్ పోయిన మాట నిజం, మిడ్ పరీక్ష సరిగ్గా రాయని మాటా నిజం. తెలివి లోపం కానప్పుడు మరి ఏది లోపం? నీ ఉత్తరంలో నాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. అంత పెద్ద ఉత్తరంలో తోటి విద్యార్థి ఒక్కరి పేరు లేదు. రూమ్మేట్ లేదు, ల్యాబ్ పార్ట్‌నర్ లేదు, 'మేం కలిసి చదువుకుంటాం' అన్న మాట లేదు. అందరూ తలలూపడం ఒక్కటే ఉంది.

దీని గురించి ఒక కథ చెప్పాలి, కాస్త పెద్దదే. 1970ల్లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌లో యూరీ ట్రైస్‌మన్ అనే పరిశోధక విద్యార్థి ఉండేవాడు. అక్కడ ఫస్ట్ ఇయర్ కాల్క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువమంది తప్పుతున్నారు. వీళ్లలో చాలామంది తమ తమ స్కూళ్లలో ఫస్టు వచ్చినవాళ్లు, నీలాగే. ఎందుకు తప్పుతున్నారని ప్రొఫెసర్లని అడిగితే, పట్టుదల తక్కువ అన్నారు, పునాది లేదన్నారు, బీదరికం అన్నారు, ఇంట్లో చదువు మీద శ్రద్ధ లేదన్నారు. ట్రైస్‌మన్ ఈ మాటలు నమ్మి ఊరుకోలేదు. ఇరవై మంది నల్లజాతి విద్యార్థుల్నీ, కాల్క్యులస్‌లో బాగా రాణిస్తున్న ఇరవై మంది చైనా సంతతి విద్యార్థుల్నీ తీసుకుని, వాళ్లు ఎక్కడ కూర్చుని ఎలా చదువుతున్నారో వెంట తిరిగి చూశాడు.

ప్రొఫెసర్లు చెప్పిన కారణాల్లో ఒక్కటీ నిలబడలేదు. ఆ నల్లజాతి పిల్లల తల్లిదండ్రులు చదువు కోసం ప్రాణం పెట్టేవాళ్లు. పిల్లలు కష్టపడేవాళ్లు. క్లాసు గంటకి రెండు గంటలు ఇంట్లో చదవాలని చెబితే అలాగే చదివారు, వారానికి 8 గంటల దాకా. కాకపోతే ఆ 8 గంటలూ తలుపేసుకుని ఒంటరిగా. చేసిన లెక్క సరైనదో కాదో పుస్తకం వెనక చూసుకోవడమే. పక్కవాళ్లు ఎంత చదువుతున్నారో, ఎక్కడ తడబడుతున్నారో తెలియదు. పరీక్ష రాసి బయటికొస్తూ బాగానే రాశామనుకునేవాళ్లు, తీరా చూస్తే గ్రేడు కింద ఉండేది. చైనా సంతతి పిల్లలు 14 గంటల దాకా చదివేవాళ్లు. ముందు ఎవరికి వాళ్లు కూర్చుని, తర్వాత సాయంత్రం ఒకచోట చేరి, తింటూ, ఒకరి హోంవర్క్ ఒకరు దిద్దుకుంటూ. ఒక లెక్క అందరికీ రాకపోతే, అది కష్టమైన లెక్క అని అక్కడికక్కడే తెలిసిపోయేది. ఒంటరిగా కూర్చున్నవాడు అదే లెక్క రాకపోతే తనకే రాలేదనుకునేవాడు.

ఈ చివరి మాట ఇంకోసారి చదువు. నీ 5 సంగతి అదే.

ట్రైస్‌మన్ ఆ తర్వాత చేసిన పని నాకు ఇంకా నచ్చింది. వెనకబడ్డవాళ్లకి ట్యూషన్ అని బోర్డు పెట్టలేదు. అలా పెడితే స్కూలు ఫస్టు వచ్చిన పిల్లలు పరువు తక్కువని రారు, వాళ్ల సంగతి ఆయనకి తెలుసు. వర్క్‌షాప్ పెట్టి, క్లాసులో ఇచ్చేవాటికంటే కష్టమైన లెక్కలిచ్చాడు. గుంపులుగా కూర్చోబెట్టి చేసుకోమన్నాడు. అందులో కూర్చున్న పిల్లలు, కూర్చోని తమవాళ్లకంటే చాలా ముందుకెళ్లారు. పాఠం అదే, ప్రొఫెసర్లు వాళ్లే. మారినదల్లా కూర్చునే తీరు.

నీకు ఈ ఒంటరి చదువు ఎక్కడ అంటుకుందో నాకు తెలుసు, మన రెండు జిల్లాల్లో ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. ఇంటర్‌లో పొద్దున్న ఐదున్నరకి లేపి స్టడీ అవర్‌లో కూర్చోబెడతారు. రాత్రి పది దాకా అదే. వారం వారం టెస్టు, మార్కుల్ని బట్టి సెక్షన్ పైకో కిందకో. పక్క కుర్చీలోవాడు ఒక మార్కు పెంచుకుంటే నీ సెక్షన్ మారిపోవచ్చు. నోట్స్ అడిగితే చేతులడ్డు పెట్టుకునే పిల్లల్ని నేను చూశాను. వాళ్లని తప్పు పట్టను, ఆ ఏర్పాటే అలాంటిది. రెండేళ్లు అలా పెరిగిన పిల్లని తీసుకెళ్లి, రోజుకి నాలుగు గంటల క్లాసులు పెట్టి, మిగతా ఇరవై గంటలూ నీ ఇష్టం అంటే ఏం చేస్తుంది? తలుపేసుకుని కూర్చుంటుంది. అర్థం కానిది బయటపెడితే సెక్షన్ మార్చేస్తారన్న భయం ఇంకా లోపల ఉండిపోయింది. అక్కడ సెక్షన్లు లేవమ్మా.

మా విజయనగరం సంగీత కళాశాలలో పిల్లల సాధన ఎప్పుడైనా విన్నావా? 1919 నుంచి నడుస్తున్న కాలేజీ అది. అక్కడ వయొలిన్ నేర్చుకునే పిల్లకి ఒక సౌకర్యం ఉంది: అపస్వరం పలికితే గురువుగారికీ తోటి పిల్లలకీ వినబడిపోతుంది. దాచుకోవాలన్నా కుదరదు, అక్కడికక్కడే దిద్దుతారు. లెక్కల్లో తప్పు నోట్‌బుక్‌లో నోరు మూసుకుని పడుంటుంది. నువ్వుగా తెరిచి చూపిస్తే తప్ప ఎవరికీ తెలియదు.

కాబట్టి ఈ వారం ముగ్గురిని వెతుక్కో. నీకంటే బాగా వచ్చినవాళ్లే అయ్యుండాలని లేదు, టాపర్ వెంట పడనే వద్దు. ట్యుటోరియల్ షీట్, అంటే క్లాసులో ఇచ్చే అభ్యాసం లెక్కలు, చేయడానికి కూర్చునే ఓపిక ఉన్నవాళ్లు చాలు. వారానికి రెండు సాయంత్రాలు, ఒకే చోటు, ఒకే టైము. ముందు ఎవరికి వాళ్లు విడిగా షీట్ మీద కుస్తీ పట్టి రావాలి, ఇది తప్పనిసరి. ఏమీ చేయకుండా వస్తే అది కాపీ కొట్టుకునే మేళం అవుతుంది, నాలుగో వారానికి చెదిరిపోతుంది. కూర్చోగానే ఒక్కొక్కరూ తాము ఎక్కడ ఆగిపోయారో చెప్పాలి. వచ్చినదాని గురించి గొప్పలు తర్వాత. మొదటిరోజు నువ్వే మొదలెట్టు, ఆ 5 గురించే అడుగు. జవాబు నీకిప్పుడు తెలుసు కాబట్టి భయం లేదు. మిగతావాళ్లు 'అమ్మయ్య, నాకూ తెలియలేదు' అంటారని నా నమ్మకం. నమ్మకమే, హామీ కాదు.

తెలుగు పిల్లల గుంపు ప్రతి ఐఐటీలోనూ ఉంటుంది. పండక్కి పులిహోర చేసుకోవడానికీ, ఇంటిమీద బెంగ తీర్చుకోవడానికీ వాళ్లతో ఉండు. ఆవకాయ సీసా కూడా పట్టుకెళ్లు. చదువు గుంపులో మాత్రం ఒకరిద్దరు వేరే రాష్ట్రంవాళ్లుంటే మంచిది. ఇంగ్లీషు మాట్లాడక తప్పని పరిస్థితి వస్తుంది, నలుగురి మధ్య తప్పులు మాట్లాడి మాట్లాడి అదే సర్దుకుంటుంది.

ట్యుటోరియల్ క్లాసులో పీహెచ్‌డీ విద్యార్థులు టీఏలుగా, అంటే సారుకి బోధనలో సహాయకులుగా ఉంటారు కదా, వాళ్ల దగ్గరికెళ్లి 'నాకు లిమిట్స్ అర్థం కాలేదు' అనకు. అలా అంటే వాళ్లకీ ఎక్కడినుంచి మొదలెట్టాలో తెలియదు, మొదటినుంచి చెప్పి పంపేస్తారు. నోట్‌బుక్ తెరిచి, ఒక లైన్ మీద వేలు పెట్టి, 'ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడినుంచి కిందిలైనుకి ఎలా వెళ్లారో తెలియలేదు' అని అడుగు. క్లాసులో సారుని అడగాలన్నా, 'సర్, హౌ డిడ్ వుయ్ గెట్ 5 హియర్?' ఏడు మాటలు. ఇందులో గ్రామర్ తప్పుపోవడానికి కూడా చోటు లేదు.

ప్రోగ్రామింగ్ విషయం వేరే. అది తెలివికీ లెక్కలకీ సంబంధించింది కాదు, కేవలం ఎవరు ముందు మొదలెట్టారన్నదే. నీ క్లాసులో సగంమంది సీబీఎస్ఈ స్కూళ్లలో ఎనిమిదో తొమ్మిదో తరగతి నుంచి కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లయ్యుంటారు. నువ్వు ఇంటర్ ఎంపీసీ, రెండేళ్లపాటు కంప్యూటర్ ముట్టుకుని ఉండవు. మొదటిసారి కోడ్ రాసింది పరీక్ష ఉన్న సెమిస్టర్‌లోనే. దీనికి మందు రోజూ అరగంట స్వయంగా టైప్ చేయడమే. పుస్తకంలో చదివితే రాదు, పక్కవాళ్లది చూస్తే అసలు రాదు. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ అది ఏం చెబుతోందో తెలుగులో కాగితం మీద రాసుకో. ఇరవై ముప్ఫై రకాల ఎర్రర్లే తిరిగి తిరిగి వస్తుంటాయి, రెండు నెలల్లో వాటి మొహాలు గుర్తుపడతావు.

ఇక నిద్ర సంగతి. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో రాసేసి వెళ్లిపోయావు గానీ, నాకు మార్కుల కంటే ఇదే ఎక్కువ టెన్షన్‌గా ఉంది. రాత్రి మూడింటి దాకా మెలకువ, పొద్దున క్లాసు మానడం, మానినందుకు ఇంకా భయం, ఆ భయంతో మళ్లీ రాత్రి నిద్ర పట్టకపోవడం. ఇది వారాల తరబడి సాగితే చదువు పద్ధతులు ఎన్ని చెప్పినా లోపలికి వెళ్లవు. మీ క్యాంపస్‌లో కౌన్సెలర్ ఉంటారు, వెళ్లి కలువు. అక్కడికి వెళ్తే పిచ్చి అనుకుంటారేమోనని మన ఊళ్లలో భయపడతారు, ఆ భయం టెక్కలిలోనే వదిలెయ్. ఎవరికీ కనబడకుండా ముందు ఫోన్లో మాట్లాడాలనుకుంటే టెలీ మానస్ ఉంది, 14416. ప్రభుత్వానిది, ఉచితం, రాత్రిపూట కూడా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా నా జవాబు మిగతాది చదవడం ఆపి, ముందు ఆ నంబరుకి చెయ్యి, పక్కగదిలో ఉన్నవాళ్లని లేపు. ఉత్తరంలో నువ్వు అలా రాయలేదు. రాయకపోయినా అడగాల్సిన బాధ్యత నాది, అందుకే అడుగుతున్నాను.

మానేసి వచ్చేయాలా అన్నావు. మానెయ్యడం సిగ్గుపడాల్సిన పనేం కాదు, మంచి కారణం ఉంటే మానేయొచ్చు. నీ దగ్గర ఇప్పుడున్న కారణం మంచిది కాదు. మన దగ్గర కాలేజీలో చేరితే లిమిట్స్ అక్కడా వస్తాయి. ఒంటరిగా చదివే అలవాటు నీతోపాటే వస్తుంది. ఫస్టు ర్యాంకు మళ్లీ వస్తుందేమో, ఆ 5 లాంటిది ఇంకొకటి తగిలినప్పుడు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తావు. రెండో సెమిస్టర్ పూర్తిచేసి, వేసవిలో ఇంట్లో పది రోజులు నిద్రపోయి, అప్పుడు ఆలోచించు. మిడ్ పరీక్షల వారంలో తీసుకున్న నిర్ణయాన్ని నేను నిర్ణయం అనను.

మార్కుల లెక్క కూడా ఒకసారి వేసి చూడు. సీజీపీఏ అంటే సగటు. ఎనిమిది సెమిస్టర్లకీ క్రెడిట్లు ఇంచుమించు సమానం అనుకుందాం. మొదటిది 6.1. మిగతా ఏడూ 7.5 చొప్పున తెచ్చుకున్నా చివరికి 7.3 దాటుతుంది. 8 చొప్పున అయితే 7.8కి దగ్గరకొస్తుంది. 7.5 అంటే నీకు ఇప్పుడు ఆకాశంలా కనబడొచ్చు గానీ, గుంపుగా కూర్చుని చదివేవాళ్లకి అదేం అందని అంకె కాదు. పోయిన సబ్జెక్టు పాసైతే అది వేరుగా కలిసొస్తుంది.

నాన్న విషయం. ఇక్కడ కాస్త కఠినంగా మాట్లాడతాను, ఏమనుకోకు. 6.1 వల్ల మీ నాన్న నొచ్చుకుంటారని నీ భయం. మీ నాన్న పలాసలో జీడి పనిలో ఉన్న మనిషి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడితోటలు, కొబ్బరి చెట్లు నేలకూలాయి. తోటలు పోయాక పనులెలా ఉన్నాయో నాకంటే నీకే బాగా తెలుసు, అప్పటికి నువ్వు ఊహ తెలిసిన పిల్లవి. అలాంటి ఏడాది చూసిన మనిషి ఒక సెమిస్టర్ మార్కులకి కుప్పకూలిపోతారని నేననుకోను. ఆయన్ని బాధపెట్టేది 8.5 అన్న అబద్ధం, అదీ వేరే ఎవరి నోటో విన్నప్పుడు. మన ఊళ్లలో కబురు ఎలా ప్రయాణిస్తుందో తెలుసుగా, మీ కాలేజీలోనే శ్రీకాకుళం కుర్రాడు ఇంకొకడు ఉండే ఉంటాడు, వాడికి ఒక మేనమామ టెక్కలిలో ఉండే ఉంటాడు.

అమ్మతో చెప్పించొద్దు. మన ఇళ్లలో ఇదొక అలవాటు, కష్టమైన మాటలన్నీ అమ్మ మీదుగా వెళ్లాలి. దార్లో అమ్మ తన భయం కూడా కలిపి చెబుతుంది, నాన్నకి చేరేసరికి విషయం ఇంతది అంతవుతుంది. నువ్వే ఫోన్ చెయ్యి. పని నుంచి వచ్చి, స్నానం, భోజనం అయ్యాక. ఎక్కువ మాటలొద్దు: 'నాన్నా, సంక్రాంతికి ఎనిమిదిన్నర అన్నాను, అది అబద్ధం. ఆరు వచ్చింది. ఒక సబ్జెక్టు పోయింది, మళ్లీ రాస్తున్నాను. భయమేసి చెప్పలేదు.' ఇంత చెప్పి ఊరుకో. సంజాయిషీలు మొదలెట్టకు, టాపర్ల కథలు చెప్పకు. ఆయన కాసేపు మాట్లాడకపోవచ్చు. 'ఏటమ్మా, మరి అప్పుడెందుకలా సెప్పీసినావు' అని కోప్పడొచ్చు. కోప్పడనీ. కోపం అబద్ధం మీద, అది న్యాయమే. మరుసటి రోజు మళ్లీ ఫోన్ చెయ్యి, ఈసారి మార్కుల మాట ఎత్తకుండా ఏం తిన్నారో అడుగు.

ఆయన 'అక్కడ బాగోకపోతే వచ్చీ' అంటే కంగారుపడి ఒప్పేసుకోకు. వేసవి దాకా టైమ్ కావాలని అడుగు, నా పేరు చెప్పినా ఫర్వాలేదు. ఫ్లెక్సీ గురించి మాత్రం ఆయన్ని ఇబ్బంది పెట్టకు. ఇప్పటికే ఎండకి వెలిసిపోయి ఉంటుంది, ఇంకో రెండు నెలల్లో ఏ పార్టీవాళ్లో దానిమీద తమది కట్టేస్తారు.

ఒక పని ఈ సోమవారమే చెయ్యి. మీ అకడమిక్ సెక్షన్‌కి వెళ్లి, పోయిన ప్రోగ్రామింగ్ సబ్జెక్టు మళ్లీ ఎప్పుడు రాయొచ్చో, సప్లిమెంటరీ ఉందా, మళ్లీ కోర్సులో రిజిస్టర్ చేసుకోవాలా కనుక్కో. ఒక్కో ఇన్‌స్టిట్యూట్‌కి ఒక్కో రూలు, సీనియర్లు చెప్పింది పాత రూలు కావచ్చు, కాగితం మీద ఉన్నది చూడు. హాజరు సంగతి కూడా అక్కడే అడుగు, మానేసిన క్లాసులు ఎక్కడిదాకా వచ్చాయో తెలియాలి. పరీక్ష వేసవి సెలవుల్లో పడితే పలాసకి టికెట్టు తీయకముందే తెలియడం మంచిది, ఆ రోజుల్లో ఈ లైన్‌లో రిజర్వేషన్ దొరకదు.